ఏడు మాలల నీళ్లు

చిట్యాల దాటినాక పెద్ద రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఎర్రగట్టు అనే ఊరు వస్తుంది. సగం ఊరు గట్టు మీద, సగం ఊరు గట్టు కింద. ఇంకా కోడి కూయకముందే ఆ ఊళ్లో ఒక చప్పుడు వినిపిస్తుంది. రాతిబండల మీద ఇనుప కడ్డీ టంగు టంగుమని తగిలే చప్పుడు.

ఆ కడ్డీ నర్సింగమ్మ చేతిది. యాభై నాలుగేళ్ల మనిషి, బక్కపలుచన. కుడిచేతిలో నీళ్ల పైపు వాల్వు, ఊరి నోట వాల్, తిప్పే కడ్డీ, ఎడమచేతిలో తులసిమాల. గట్టెక్కి, వాల్ గుంత మీది మూత జరిపి, కడ్డీని లోపలికి దించి బలమంతా పెట్టి తిప్పుతుంది. లోపల నీళ్లు బుస్సుమంటాయి. అప్పుడు గుంత పక్కన బండ మీద కూర్చుని కళ్లు మూసుకుని మాల తిప్పడం మొదలుపెడుతుంది. ఒక్కో పూసకు ఒక్కసారి, తొందర లేకుండా, “నమో నారసింహా” అని. ఏడు మాలలు పూర్తయ్యేసరికి గట్టు మీది వాడలో చిట్టచివరి ఇంటి బిందె నిండుతుంది. అక్కడ వాల్ కట్టేసి నడిమివాడకు దిగుతుంది. దానికి ఐదు మాలలు. కిందివాడకు మూడు. కిందివాడ పల్లంలో ఉంది కాబట్టి నీళ్లు ఉరికి వస్తాయి, మూడే ఎక్కువ.

పైన ఇళ్లల్లో నల్లా గుర్రుమని గాలి వదిలి నీళ్లు దూకగానే ఎవరో ఒకరు కేకేస్తారు.

“దుర్గయ్య నీళ్లిడిసిండు, బిందెలు వెట్టుండ్రి!”

కేక వేసిన మనిషి తల కాస్త తిప్పితే చాలు, బండ మీద కూర్చున్న నర్సింగమ్మ కనిపిస్తుంది. అయినా ఆ నీళ్లు దుర్గయ్య నీళ్లే. ఊరికి అట్లా అలవాటైపోయింది.

దుర్గయ్య ఆమె పెనిమిటి. ఊరికి బోరు నీళ్లే దిక్కయిన కాలంలో పంచాయతీలో నీళ్లు వదిలే పనికి కుదిరాడు. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అప్పుడు ఎవరు పట్టించుకున్నారు? ఊరందరికీ తాపిన నీళ్లే తానూ తాగాడు. నలభై దాటేసరికి మోకాళ్లు బిగుసుకున్నాయి, మెడ తిరగకుండా అయింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఒక పొద్దున మంచం మీంచి లేవబోయి లేవలేక, “ఏమే, ఊరు నీళ్లకు చూస్తాంది” అన్నాడు. నర్సింగమ్మ మారుమాట అనకుండా కడ్డీ తీసుకుని పోయింది. ఆ కడ్డీ మళ్లీ దుర్గయ్య చేతికి రాలేదు.

మొదట్లో ఆయన చేతిగడియారం పెట్టుకుని పోయేది. నాలుగో రోజు అది వాల్ గుంతలో పడి నీళ్లు తాగి ఆగిపోయింది. ఆ రోజు కొంగున యాదగిరిగుట్టలో కొన్న మాల ఉంది. స్వామిని తలుచుకుంటూ ఒక్కో వాడకు ఎన్ని మాలలు పడతాయో చూసుకుంది. పది పదిహేను రోజులు గట్టు మీది ఆడవాళ్ల చేత తిట్లు తిన్నది. తర్వాత లెక్క కుదిరింది. ట్యాంకి నిండుగా ఉన్నప్పుడే నీళ్లు గట్టెక్కుతాయనీ, కాబట్టి ముందు పై వాడకు వదిలి ఆఖరున కిందికి రావాలనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. నీళ్లే చెప్పాయి. రెండేళ్లకు మిషన్ భగీరథ పైపులు పడి కృష్ణ నీళ్లు వచ్చినా ఆమె పద్ధతి మారలేదు. నీళ్లు మాత్రం మారాయి. ఇప్పుడు ఊళ్లో ఏడేళ్ల పిల్లల పండ్లు తెల్లగా ఉంటాయి. నర్సింగమ్మ ఆ పిల్లలను నవ్వించి మరీ ఆ పండ్లు చూసుకుంటుంది.

బాలింత ఉన్న ఇంటి వాడకైతే ఇంకో సగం మాల ఎక్కువ. పసిగుడ్డు బట్టలకు నీళ్లు కావాలి కదా. చావు జరిగిన ఇంటికి అడగకుండానే మధ్యాహ్నం ఒకసారి వదులుతుంది. ఇవన్నీ ఎక్కడా రాసి లేవు.

కడ్డీ ఆమె చేతికి వచ్చిన తొమ్మిదేళ్లకు దుర్గయ్యకు అరవై నిండాయి. పంచాయతీ సెక్రటరీ జానయ్య ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, టీ తాగి, గొంతు సవరించుకున్నాడు. చెడ్డ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడే మంచి మనిషి.

“దుర్గన్నా, కాయితంల నీ వయసు అయిపోయింది. కొత్త పేరు రాయాలె. సుక్కుర్రారం గ్రామసభ ఉన్నది, ఆడ తీర్మానం.”

“మా ఇంటామె చేస్తనే ఉన్నది గదా సారూ.”

“నాకు తెల్వదా అన్నా? గని కాయితంల ఏడున్నది? తొమ్మిదేండ్ల సంది సంతకం నీది. పరశురాం అడుగుతుండు. ఐటీఐ సదివిండు, ఖాళీగ ఉన్నడు. ఇద్దరు ముగ్గురు వార్డు మెంబర్లు గూడ వాని దిక్కే ఉన్నరు. రేపటి సంది సభ దాక వానితోని నీళ్లిడిపిచ్చి చూస్తం అన్నరు.”

నర్సింగమ్మ లోపల గిన్నెలు సర్దుతూ వింటున్నది.  జీతం సంగతి ఆమెకు తట్టనే లేదు. రేపటి నుంచి పొద్దున కండ్లు తెరిస్తే ఎక్కడికి పోవాలి? ఆ బండ మీద కూర్చోకుండా మాల ఎట్లా తిరుగుతుంది? బయటికి వచ్చి మూలకున్న కడ్డీ తెచ్చి జానయ్య ముందు పెట్టబోయింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“ఇయ్యాల సాయంత్రం దాక నీదే నర్సింగమ్మా. నాకియ్యకు.”

ఆ పగలే ఊళ్లోకి పూజ వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఇంటింటికి తిరిగి ఎవరు ఏం పని చేస్తున్నారో రాసుకునే సర్కారు లెక్కకు వచ్చింది. చేతిలో ట్యాబు, భుజాన సంచి, నెత్తిన చున్నీ. ఊరి మలుపులో సాయిలు పంచర్ దుకాణం దగ్గర మొదలుపెట్టింది. ఆ పక్కనే కారుతున్న నల్లాకు గుడ్డపేలిక చుడుతూ, కడ్డీ పక్కన పెట్టుకుని నర్సింగమ్మ కూర్చుని ఉంది.

“ఏం పని చేస్తరు మామా?”

“వ్యవసాయం” అన్నాడు సాయిలు. ఆయన రెండు కాళ్ల మధ్య లారీ టైరు ఉంది, చేతికి మోచేతి దాకా నల్లటి మసి.

“భూమి ఎంతున్నది?”

“రెండెకురాలు.”

“ఎవరు దున్నుతున్నరు?”

“కౌలుకిచ్చిన.”

పూజ నవ్వు ఆపుకున్నది. “నిన్న ఏం జేసిండ్రు?”

“నిన్ననా? నిన్న పదకొండు పంచర్లేసిన.”

“మొన్న?”

“మొన్న తొమ్మిది. ఒకటి ట్యాంకర్‌ది, పానం దీసింది.”

“మరి వ్యవసాయమంటిరి?”

“అరె బిడ్డా, చేసే పని వేరు, నేనెవ్వలన్నది వేరు. మా తాత రైతు, మా బాపు రైతు. పంచర్ సాయిలునని సర్కారుకు నా నోటితోని చెప్పుకోవాల్నా?”

“చెప్పుకోవాలె మామా, గర్వంగ చెప్పుకోవాలె. పంట మార్కెట్ల అమ్ముడుపోతెనే గదా లారీలు నడిచేది? లారీలు నడిస్తెనే గదా నీకు పంచర్లు? దుకాణాలల్ల ఎంతమంది, బండ్ల మీద ఎంతమంది, కరెంటు కాడ, నీళ్ల కాడ ఎంతమంది పని జేస్తున్నరు అన్నది కూడుకుంటనే రాష్ట్రం ఎంత ముందుకు నడిసిందో తెలుస్తది. డాక్టరు చెయ్యి వట్టుకోని నాడి చూస్తడు చూడు, గట్ల. నువ్వు రైతుల్ల దూరితే గీ రోడ్డు మీద ఎవ్వలు పని చేస్తలేరు అన్నట్టు అయితది.”

సాయిలు కాసేపు టైరు వైపు చూశాడు. “అయితే రాయ్. గని పంచరని రాయకు, టైర్ల మెకానిక్ అని రాయ్. జర ఇజ్జత్ ఉంటది.”

నర్సింగమ్మకు నవ్వొచ్చింది. జాబితాలో తర్వాతి ఇల్లు దుర్గయ్యదని పూజ అడిగితే, “నడువు బిడ్డా, మా ఇల్లే” అని తీసుకుపోయింది. దారిలో ఎండ చూసి కొంగు తీసి ఆ పిల్ల నెత్తి మీద పట్టింది.

ఇంట్లో దుర్గయ్య మంచం మీద ఒరిగి కూర్చున్నాడు. పూజ చెంబెడు నీళ్లు తాగి ట్యాబు తెరిచింది.

“పెద్దమ్మా, నువ్వేం పని చేస్తవు?”

“నేనేం జేస్త బిడ్డా? ఖాళీగనే ఉంట. ఇంట్ల వంటా, గింటా.”

చేతిలో కడ్డీ అట్లాగే ఉంది. చీరె కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

“నిన్న పొద్దుగాల ఏం జేసినవు?”

“నీళ్లిడిసిన.”

“సాయంత్రం?”

“మల్ల ఇడిసిన.”

“మరి పనేం లేదంటవేంది?”

“అది పనెట్లయితది బిడ్డా! బండ మీద కూసోని స్వామి పేరు తలుచుకుంట. జపం పనైతదా?” నర్సింగమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

పూజ ట్యాబు మూసింది. ఆ సాయంత్రం ఆమె వెంట గట్టెక్కింది. వాల్ తిప్పడం చూసింది. ఫోన్‌లో గడియారం పెట్టి ఒక మాల ఎంతసేపు పడుతుందో చూసింది. ఆరు నిమిషాలు. ఇంకో మాల చూసింది. మళ్లీ ఆరే. పొద్దున పదిహేను మాలలు, సాయంత్రం పదిహేను. నడక వేరు, పైపులు పగిలితే మట్టి తవ్వడం వేరు, ట్యాంకి కడగడం వేరు.

“పెద్దమ్మా, ఇది రోజుకు నాలుగ్గంటల పైన పని. నీటి సరఫరా అని దీనికి మా దాంట్ల ఒక జాగనే ఉన్నది. గని నువ్వు నీ నోటితోని చెప్పాలె. చెప్పంది నేను రాయొద్దు.”

నర్సింగమ్మ మాల కొంగున ముడివేసుకుంటూ తల వంచుకుంది. “స్వామి పేరును పని అని ఎట్ల చెప్పుదు? నా నోట రాదు బిడ్డా.”

పూజ బలవంతపెట్టలేదు. “సుక్కుర్రారం దాక ఈ ఊళ్లెనే ఉంట. సభ కాడ కలుస్త. అప్పటిదాక నీ గీత ఖాళీగ పెడుత.”

మరునాడు పొద్దున కడ్డీ పరశురాం చేతికి పోయింది. నర్సింగమ్మ మామూలుగా లేచింది, గడప దాకా వచ్చింది, అక్కడే నిలబడిపోయింది. పరశురాం బుద్ధిమంతుడే. ఫోన్‌లో అలారం పెట్టుకుని, అందరికీ సమానం ఉండాలని ఒక్కో వాడకు అరగంట అనుకున్నాడు. ట్యాంకికి దగ్గరని కిందివాడతో మొదలుపెట్టాడు. కిందివాడలో నీళ్ల గోళాలు నిండి, మోరీ కాలువలు నిండి, నీళ్లు సాయిలు దుకాణం ముందు దాకా పారాయి. గట్టు మీద నల్లాలు గుర్రుమని గాలి వదిలి ఊరుకున్నాయి.

పై వాడ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో కిందికి దిగి వచ్చారు. పోట్లాటకు వాళ్లు పోయింది పరశురాం ఇంటికి కాదు, దుర్గయ్య ఇంటికి.

“ఏందే దుర్గన్నా, నిద్రవోయినవా? గట్టు మీద మనుషులం లేమనుకున్నవా?”

దుర్గయ్య మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూశాడు. 

వాళ్లలో మారెమ్మ నర్సింగమ్మకు వరుసకు ఆడబిడ్డ. సంగతి తెలిసి నర్సింగమ్మను పక్కకు లాగింది. “మంచిగయింది వదినె! నువ్వు సప్పుడు చెయ్యకు. ఇంకొక్కదినం గిట్లనే ఎండనియ్యి. ఊరికి బుద్ధొస్తది.”

“గంత మాటనకు మారెవ్వా. నీళ్లను అడ్డం వెట్టుకోని గెలుసుడు పాపం. మీ వాడల స్నిగ్ధ పురుడు పోసుకోని తొమ్మిది దినాలు గూడ కాలే.”

నెత్తి మీద కొంగు సర్దుకుని నేరుగా పరశురాం దగ్గరికి పోయింది. అతను గట్టు మీది వాల్ గుంత దగ్గర చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

“ముందుగాల గట్టెక్కియ్యాలె నాయినా. ట్యాంకి నిండుగున్నప్పుడే నీళ్లకు బలం.”

“ఎంతసేపు చిన్నమ్మా?”

“ఏడు మాలలు.”

“మాలలంటే?”

ఆమె కూర్చుంది. అతను పక్కన కూర్చున్నాడు. ట్యాంకి మళ్లీ నిండగానే, సాయంత్రం వదలాల్సిన నీళ్లు అప్పుడే వదిలి, ఏడు మాలలూ జపం చేసి చూపించింది. పైనుంచి, “వచ్చినయ్, వచ్చినయ్!” అని కేకలు వినబడ్డాయి. నాలుగో మాల దగ్గర పరశురాం ఫోన్ జేబులో పెట్టేశాడు. భూమి కింద ఎక్కడ పైపు వంకర తిరిగిందో, ఏ మూల మట్టి మెత్తగా ఉంటే లోపల కారుతున్నట్టో, ఆమె కడ్డీతో నేల మీద గీసి చెప్పింది. దాచుకోలేదు.

“గిదంత ఏ కాయితంల ఉన్నది చిన్నమ్మా?”

“కాయితం లేదు బిడ్డా. కాళ్లకు తెలుసు.”

శుక్రవారం గ్రామసభ బడి ఆవరణలో. పోయే ముందు నర్సింగమ్మ పెనిమిటికి అంగీ తొడుగుతున్నది. ఆయన చేతులు భుజాల పైకి లేవవు. మెల్లగా లేపి, ఒక్కో గుండీ పెడుతున్నది. దుర్గయ్య ఆమె చేతుల వైపు చూస్తూ అడిగాడు.

“ఏమే, ఒకటి అడుగుత, చెప్తవా?”

“అడుగు.”

“దేవుని పేరు దినాం మూడువేల సార్లు పలుకుతవు. నీ పేరు ఒక్కసారి పలుకరాదా?”

ఆమె చేయి గుండీ మీద ఆగింది.

“తొమ్మిదేండ్లు నీ చెమట నా పేరు మీద పారింది. అందరు దుర్గయ్య నీళ్లు అంటుంటే నేను మంచంల పండుకోని మీసం తిప్పిన. అది నాకు పుణ్యమా? గుళ్లె అయ్యగారు గూడ స్వామి పేరే సదువుతడు. ఏం పనంటే పూజారినని చెప్తడు. స్వామి ఏమన్న అలుగుతడా?”

నర్సింగమ్మ ఆఖరి గుండీ పెట్టింది.  మూలకు పోయి మాలను కొంగు ముడి నుంచి తీసి మెడలో వేసుకుంది. పండుగ రోజు తప్ప ఎప్పుడూ మెడలో వేసుకోదు.

సభలో జానయ్య తీర్మానం చదివాడు. నీళ్ల పనికి ఎవరి పేరు రాయాలో చెప్పమన్నాడు. ఒక వార్డు మెంబరు పరశురాం పేరు ఎత్తాడు. పరశురాం లేచి, “నాకొద్దు” అన్నాడు. “నేను మోటరు వైండింగ్ నేర్చుకున్న, గది చేసుకుంట. గీ పని చిన్నమ్మది. నాకు రెండు దినాలల్లనే తెలిసింది.”

“ఆమె చేసినట్టు రుజువేది?” అని ఆ మెంబరు అడిగాడు. కోపంగా కాదు, అడగాలి కాబట్టి అడిగాడు.

గట్టు మీది వాడ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చున్న చోటి నుంచే అరిచింది. “రుజువా? నా మొగడు పోయిన్నాడు నడి మధ్యాహ్నం నల్లా ఇడిసింది. నేను అడిగిన్నా? ఎవ్వలన్న అడిగిండ్రా?”

ఇంకొకామె లేచింది. “మా కోడలు బాలింతైతే మూడు నెలలు సగం మాల ఎక్కువిచ్చింది. నాకెట్ల తెలుసంటే, నేను లెక్కపెట్టిన!”

నవ్వులు లేచాయి. నవ్వుల మధ్య ఒక్కొక్కరు లేస్తున్నారు. నర్సింగమ్మకు చెవుల్లో నీళ్ల చప్పుడులా ఉంది. ఇన్నాళ్లూ బండ మీద కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు ఇంతమంది తనను చూస్తూనే ఉన్నారా?

దుర్గయ్య పక్కవాడి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. అందరి తలలు అటు తిరిగాయి. పెళ్లయి ముప్పై ఐదేళ్లు. ఆ ఊళ్లో మొగుడు పెండ్లాం పేరు నలుగురిలో పలకడు, పెండ్లాం మొగుడి పేరు పలకదు.

“నేను వాల్ ముట్టక తొమ్మిదేండ్లు” అన్నాడు. “సంతకం నాది, పని నాది గాదు. రాసుకోండ్రి సారూ. నర్సింగమ్మ.”

జానయ్య పెన్ను తీశాడు కానీ రాయలేదు. ఆమె వైపు చూశాడు. “నువ్వు చెప్పాలె నర్సింగమ్మా. నీళ్ల పని ఎవరిది?”

లేచి నిలబడింది. మెడలోని మాల మీద చెయ్యి వేసుకుంది.

“నాది” అన్నది. మొదటిసారి మెల్లగా వచ్చింది. మళ్లీ అన్నది, ఆవరణ చివరిదాకా వినబడేట్టు. “నీళ్లిడిసేది నేను. తొమ్మిదేండ్ల సంది. నా పేరు నర్సింగమ్మ.”

చప్పట్ల మధ్య జానయ్య ఆ పేరు రాసుకున్నాడు. చప్పట్లు అయిపోయాక పూజ ట్యాబు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు మొదటి నుంచి అడిగింది.

“ఏం పని చేస్తవు పెద్దమ్మా?”

“నీళ్ల పని.”

“వారానికి ఎన్ని గంటలు?”

నర్సింగమ్మ వేళ్ల మీద మాలలు లెక్కపెట్టింది, పూజ వాటిని గంటలు చేసింది. ముప్పైకి ఒకటి తక్కువ. ఖాళీగా ఉన్న గీత నిండింది.

“గిది ఏడికి పోతది బిడ్డా?”

“హైదరాబాదుకు పోతది. మన తీరుగ అన్ని జిల్లాలల్ల రాసినయన్ని కూడుతరు. రాష్ట్రంల కరెంటు, నీళ్ల పని జేసేటోళ్లు ఎంతమందని ఒక అంకె వస్తది. ఆ అంకెల ఇయ్యాల్టి సంది నువ్వు గూడ ఉన్నవు.”

“నా పేరుంటదా అండ్ల?”

“పేరుండదు పెద్దమ్మా. ఒకటి అని ఉంటది, గంతే.”

నర్సింగమ్మ మాల తీసి ఒక పూసను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. “చాలు. పూసకు గూడ పేరుండదు. గని ఒక్కటి ఊడితే మాల తక్కువైతది.”

సాయిలు వెనక నుంచి, “నేను గూడ ఒక పూసనే, పంచర్ పూస!” అన్నాడు. ఎవరో ఆయన నెత్తి మీద చిన్నగా ఒకటి వేశారు.

మరునాడు పొద్దున, కోడి కూయకముందే, బండల మీద కడ్డీ చప్పుడు వినిపించింది. వెనక ఎప్పుడూ వినపడని ఇంకో చప్పుడు, మెల్లగా, కర్ర ఊనుతూ. దుర్గయ్య వస్తున్నాడు. గట్టెక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నర్సింగమ్మ వాల్ తిప్పి, కొంగుతో బండ తుడిచి పక్కన చోటిచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు. ఆమె మాల తిప్పుతున్నది. ఆయన నీళ్ల చప్పుడు వింటున్నాడు.

పైన ఒక నల్లా గుర్రుమని గాలి వదిలింది. నీళ్లు దూకిన చప్పుడు. ఆ వెంటనే మారెమ్మ గొంతు.

“నర్సింగమ్మ నీళ్లిడిసింది, బిందెలు వెట్టుండ్రి!”

దుర్గయ్య మీసం మీదికి చెయ్యి పోయింది. ఆగి, చెయ్యి దించుకుని నవ్వాడు. నర్సింగమ్మ కళ్లు తెరవలేదు. ఆ పొద్దున ఏడు మాలలు అయినాక ఇంకో సగం మాల తిప్పింది. పై వాడలో స్నిగ్ధ బిడ్డకు పదకొండో రోజు, ఇల్లంతా కడుక్కునే రోజు.